కందిరీగ ఉన్న గదిలో రెండు రోజులు

యాడికి అనే ఊరి దగ్గర గుహలున్నాయని ఎవరో చెబితే బయలుదేరాను. తోడు పిలుద్దామంటే ఒక్క పేరూ తట్టలేదు. ఉదయం ఏడింటికి అనంతపురంలో రైలెక్కి, గుత్తిలో దిగి, ఆటోలో బస్టాండుకు చేరి, ఇడ్లీ తిని, పదింటి బస్సు పట్టుకున్నాను.

పక్క సీటు పెద్దాయన, "ఒక్కనివే పోతాండావా? ఇంట్లోవాళ్లు రాలేదా?" అన్నాడు. ఎవరూ లేరన్నాను. పాపం, వెంటనే వానల మీదికి మాట మార్చేశాడు. బయట వేరుశనగ చేలు నేలకంటుకుపోయి ఎండుతున్నాయి.

యాడికిలో తెలిసినవాళ్ల ద్వారా ఒక ఇంటి ముందుగది దొరికింది. ఇంటావిడ నాగమ్మక్క, కోడలు సుజాత ఉన్నారు. కొడుకు లారీ మీద వెళ్లాడట. గదిలో అడుగుపెట్టగానే కందిరీగ చెవి పక్కనుంచి దూసుకుపోయింది. మంచం పైనే గోడకు మట్టిగూడు కడుతోంది.

"దాన్ని ముట్టుకోవద్దప్పా. ఇంట్లో అది గూడు కడితే బిడ్డ పుడ్తాడు. ఏడేండ్లుగా చూస్తాండాం," అంది నాగమ్మక్క.

తలూపాను గాని, ఇలాంటి నమ్మకాలంటే నాకు ఒళ్లు మంట. పైగా ఒకసారి కుట్టించుకుని ముఖం బూరెలా వాచినవాణ్ణి. ఆమె అటు వెళ్లగానే చీపురందుకున్నాను. భోజనం తెచ్చిన సుజాత గుమ్మంలోనే ఆగిపోయింది.

"కొట్టొద్దన్నా. బిడ్డ పుడ్తాడని నేనూ నమ్మను. అది గూడు మొదలుపెట్టినప్పట్నుంచి అత్త నన్ను గొడ్డుదానా అనలేదు. పది దినాలయింది."

చీపురు మూల పెట్టేసి, మంచం ఎదురుగోడకు జరుపుకున్నాను. చూస్తూ కూర్చుంటే తెలిసింది, దానికి నాతో పనే లేదు. తడిమట్టి ఉండ తెస్తుంది, అద్దుతుంది, పోతుంది. ఈ కరువులో తడి ఎక్కడిదా అని పెరట్లోకి వెళ్లాను. గిన్నెలు తోమడం అయిపోయాక కూడా సుజాత అక్కడి మట్టిలో ఒక చెంబు నీళ్లు పోస్తోంది.

మర్నాడు గుహలు చూశాను. బాగున్నాయి. టార్చి తీసుకెళ్లండి, ఒంటరిగా మాత్రం వెళ్లకండి. బాగుందని చెప్పుకోవడానికి పక్కన మనిషి లేక నేను తొందరగా బయటికొచ్చేశాను.

రెండింటి బస్సుకు బయలుదేరుతుంటే నాగమ్మక్క ఉడికించిన శనక్కాయలు చేతిలో పెట్టింది. "మళ్లా వచ్చేతలికి మనవడుంటాడు చూడప్పా!"

తలుపు పక్కన సుజాత నన్నే చూస్తోంది. కోడల్ని మాటలనకక్కా అని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఉంటాడక్కా," అన్నాను.

గుత్తిలో రైలు గంట ఆలస్యం. బెంచీ మీద ఒక్కణ్ణే కూర్చుని సిగ్గుపడ్డాను. పురుగును బతకనివ్వడానికి మంచం జరిపితే సరిపోయింది. గూడు రేపో ఎల్లుండో పూర్తవుతుంది, కందిరీగ వెళ్లిపోతుంది, అత్త నోరు మళ్లీ లేస్తుంది. ఆ ఒక్క మాట అనగలిగిన మనిషి ఆ ఇంట్లో రెండు రోజులుండి, అనకుండా వచ్చేశాడు.