పద్మ వేయించిన డ్రైనేజీ లైను

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. నల్లగొండ జిల్లాలోని మా ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందంటే, పని ఎగ్గొట్టే ఎత్తుగడ అని మొహం మీదే అనేదాన్ని. నాకు పడనిది దయ్యాలు కాదు, పద్మ.

పద్మ మా ఆయన మొదటి భార్య. నేను కాపురానికి వచ్చేనాటికి ఆమె పోయి మూడేళ్ళు. ఎల్‌బీ నగర్ దగ్గర మా ఇల్లు ఆమె దగ్గరుండి కట్టించింది. రెండు పూటలా తానే గోడలకు నీళ్ళు పట్టిందట. వచ్చిన చుట్టమల్లా అదే పాట. చచ్చిన సవతితో పోట్లాడి ఎవరు గెలుస్తారు?

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. మా ఆయన బస్సు కండక్టరు. బస్సులు ఆగిపోయి ఇంట్లోనే ఉన్నారు. సరిగ్గా అప్పుడే వంటింటి నీళ్ళు బయటికి పోకుండా బాత్రూంలోకి ఎగదన్నడం మొదలైంది. ఆ పాత గొట్టాలేమో కాంక్రీటు నేల కింద ఉన్నాయి.

అల్మాస్‌గూడ నుంచి ప్లంబర్ వచ్చాడు. కడ్డీ తోస్తే కొంతదూరం పోయి ఆగింది.

"లోపల ఏడనో మురుగు తీసే చాంబర్ ఉండాలె అక్కా. గా చాంబర్ దొరకకుంటే నేలంతా పగలగొట్టుడే" అన్నాడు.

మా ఆయన నిట్టూర్చి, "పద్మకెరుక. మేస్త్రీ పక్కన నిలవడి ఏయించింది" అన్నారు.

చివరికి మురుగు గొట్టం దగ్గర కూడా ఆమె గొప్పేనా! ఒళ్ళు మండి, ఆయన మీద అరుద్దామని వంటింటి గడప దాటాను. అంతవరకే నాకు గుర్తుంది.

తెలివి వచ్చేసరికి పొయ్యి గట్టు ముందు నిలబడి ఉన్నాను, కుడి మడమ నేలకు గట్టిగా అదిమిపట్టి. ప్లంబర్ గోడకు అతుక్కుపోయాడు. గుమ్మంలో పక్కింటి గుంటూరు ఆంటీ ఉన్నారు. ఉద్యమం వేడెక్కాక మా ఇంటికి రావడమే మానేసిన మనిషి.

"అదేంటమ్మాయ్, పద్మ గొంతు వినపడితే పరిగెత్తుకొచ్చాను!" అన్నారు.

నేనేమన్నానో ప్లంబర్ చెప్పాడు. "కండక్టర్ సారూ, గీడ కొట్టించుండ్రి. మూరెడు లోతుల నల్లరాతి మూత ఉంటది, పగలకుండ పైలం" అన్నానట. నేను ఆయన్ను ఎన్నడూ అలా పిలవలేదు. పద్మ అలాగే పిలిచేదని ఆంటీ అన్నారు.

అక్కడే తవ్వారు. మూరెడు లోతులో నల్లరాయి, దాని కింద చాంబర్. అందులో పేరుకున్న జిడ్డు గడ్డలూ వేర్లూ లాగేశాక నీళ్ళు గడగడా పోయాయి.

ఆ మూత సంగతి ఎవరి నోటనైనా విన్నానేమోనని ఎంతో ఆలోచించాను. మా ఆయనకే తెలియనిది నాకెవరు చెబుతారు? మేస్త్రీ ఊరొదిలి ఏళ్ళయింది. పైగా పద్మ గొంతు నేనెన్నడూ విననైనా లేదు.

దిల్‌సుఖ్‌నగర్ గుళ్ళో తాయెత్తు కట్టించుకోమని ఆంటీ వారం రోజులు పోరారు. సరేనన్నాను గానీ వెళ్ళలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

నాకు తెలివి వచ్చిన ఆ క్షణంలో మా ఆయన నా చేతులు రెండూ పట్టుకుని ఉన్నారు. కళ్ళనిండా నీళ్ళు. "వచ్చినావా పద్మా" అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా మొహంలోకి అంత ప్రేమగా చూసింది ఆ ఒక్కసారే. తాయెత్తు కట్టుకుంటే ఆ చూపు మళ్ళీ రాదేమోనని నా భయం.