బొడ్డు సరిచేసే నాగరత్నమ్మ

కమలాపురంలో ఎవరికి కడుపునొప్పి వచ్చినా ముందు గుర్తొచ్చేది నాగరత్నమ్మే. కిరాణా కొట్టు గోవిందయ్య భార్య. వచ్చినవాళ్లను పడుకోబెట్టి, పొట్టకు ఆముదం రాసి, "బొడ్డు జారిండాది, ఓర్చుకో" అంటూ బొటనవేళ్లతో నొక్కేది. అరిచినవాళ్లకు చీవాట్లు అదనం.

అలాంటి మనిషికే కుడివైపు నొప్పి మొదలైంది. తన పొట్ట తాను నొక్కుకుంటే పట్టు చిక్కదు కదా, అందుకని కోడలు హరితకు పని నేర్పింది. నెల్లాళ్లు నొక్కించుకుంది, నెల్లాళ్లూ తిట్టింది.

"నీ చేతుల్లో సత్తువే లేదేమ్మా! గట్టిగా నొక్కు!"

నొప్పి తగ్గితేనా? చివరికి కొడుకు వేణుగోపాల్ బతిమాలి కడపకు తీసుకుపోయాడు. డాక్టర్ సుప్రజ స్కానింగ్ చూసింది. అపెండిక్స్ నిండా జిగురు చేరి తిత్తిలా ఉబ్బిందట, ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బట. పొట్ట కోయకుండా చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ తీసేస్తామంది. అయితే ఆ తిత్తి ఇప్పటికే లోపల పగిలివుంటే జిగురు కడుపంతా పాకుతుంది, మళ్లీ మళ్లీ పెరుగుతుంది.

"పొట్ట ఎవరైనా గట్టిగా నొక్కారా?" అని అడిగింది.

హరిత ఏదో చెప్పబోయింది. నాగరత్నమ్మ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. పిల్ల మీదికి మాట రాకూడదు.

"నేనే నొక్కుకుంటినమ్మా" అంది.

ఆపరేషన్‌కు తీసుకుపోతున్నప్పుడు కూడా అదే ధ్యాస. "నాకేమన్నా అయితే నీ వల్ల అనుకోవద్దు" అని కోడలికి ఒకటే చెప్పడం. హరిత ఏడ్చింది. ఆ అత్త ఎదుటివాళ్లను నోరు తెరవనిస్తే కదా!

సాయంత్రం సుప్రజ నవ్వుతూ వచ్చింది. "తిత్తి పగల్లేదమ్మా. సంచిలో వేసి బొడ్డు దగ్గరి రంధ్రంలోంచి అట్లాగే బయటికి తీశాం. లోపలంతా శుభ్రంగా ఉంది."

డాక్టర్ వెళ్లాక నాగరత్నమ్మ నమ్మలేనట్టు కోడలి వైపు చూసింది. "అన్నాళ్లు నొక్కించుకుంటి కదే, ఎట్లా పగల్లేదు?"

"నేను నొక్కింటే కదత్తా! మీరు మూలుగుతాంటే నాకు చేతులు రాలేదు. ఊరికే ఆముదం రాస్తాంటి."

నాగరత్నమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు సలిపాయి. తను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి కళ్లనీళ్లు కూడా వచ్చాయి.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు ఊళ్లోని పెద్ద ఈరన్న పొట్ట పట్టుకుని వచ్చాడు. "నేనింక నొక్కనప్పా. పోయి డాక్టర్‌కు చూపించుకో" అని పంపేసింది.

తర్వాత మంచం మీద కాళ్లు చాపుకుని కోడలిని పిలిచింది.

"కాళ్లు లాగుతాండాయి, రోంత ఆముదం రాయి తల్లీ. గట్టిగా వద్దు. నీ మాదిరే రాయి."