చివర్లో చెప్పే జాగ్రత్త

ఇందిరా నగర్‌లో ఉండే ఆర్. సుందరమూర్తి పేరు వింటేనే నాకు ఒళ్ళు మంట. ఆయన పెద్దమనిషని, అడిగినవాళ్ళకు కాదనకుండా నేర్పుతాడని నలుగురూ చెబుతారు. చెప్పుకోనివ్వండి. నా చెల్లెలు మీనా ఉద్యోగానికి ఎసరు పెట్టిన మనిషి గురించి నాకు తెలిసింది నేను చెబుతాను.

ఆయన ఒక సర్కారు ఆఫీసులో కంప్యూటర్ సెక్షన్ చూసి రిటైరయ్యాడు. పెర్ల్ అని ఒక కంప్యూటర్ భాష ఉంది. రోజంతా కూర్చుని చేత్తో చేసే పనిని అందులో ఒక్క వరుస రాసి చిటికెలో చేయించవచ్చు. ఇప్పటివాళ్ళలో చాలామంది దాన్ని వదిలేసి వేరే భాషలకు మారారు. ఈయన వదల్లేదు. పుదుచ్చేరిలో మాలాగా ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కంప్యూటర్ పని చేసేవాళ్ళను వెతికి పట్టుకుని వాట్సాప్‌లో ఒక గుంపు పెట్టాడు. మా వాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. తమిళంలో చెప్పడానికి ఈయనకు మనసొప్పదు. అందుకని ప్రతి ఆదివారం పొద్దున్నే వాయిస్ మెసేజ్ పంపుతాడు.

ముందు గొంతు సవరించుకుంటాడు. తర్వాత ఆ వారం టిప్పు చెబుతాడు, ఏ అక్షరం పక్కన ఏ గుర్తు కొట్టాలో కూడా నిదానంగా. ఆ తర్వాత వార్తలు. పెర్ల్ కొత్త వెర్షన్ వచ్చింది, వాడేవాళ్ళు చెన్నైలో కలుస్తున్నారు, నటేశన్ నగర్ వసంతమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, అన్నీ ఒకే గొంతుతో. ఎవరైనా పైథాన్‌కు మారినా అది వార్తే. "మన వెంకటేశన్ పైథాన్‌కి పోయినాడు" అని ఆయన దిగులుగా చెప్పిన తీరుకు, మనిషే పోయాడేమోనని మా అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ఆ టిప్పుతో ఏం ప్రమాదమో, ఏం జాగ్రత్త పడాలో మాత్రం అన్నిటికంటే చివర చెబుతాడు. ఊళ్ళోవాళ్ళ మోకాళ్ళ సంగతులన్నీ వింటేగాని అది మన చెవిన పడదు. ఇది మతిమరుపు అనుకునేరు. కాదు, కావాలనే చేస్తాడు.

మీనా లాస్‌పేటలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో రిపోర్టుల పని చేసేది. కాంట్రాక్టు ఉద్యోగం. ఈ నెల దాన్ని పొడిగించాలి. ల్యాబ్ శాఖకు పాత నంబరు 112 పోయి కొత్తగా 240 వచ్చింది. రిపోర్టులన్నిటిలో దాన్ని మార్చమన్నారు. సరిగ్గా ఆ వారమే మన మహానుభావుడు, ఫైళ్ళన్నిటిలో ఒకటి తీసి ఇంకొకటి పెట్టే ఒక్క వరుస చెప్పాడు. మీనా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఆయన చెబుతుంటే కొడుతూ పోయింది. ఆయన వార్తల్లోకి దిగేసరికి ఇది బటన్ నొక్కింది.

ఆ వరుసకు శాఖ నంబరేదో, చక్కెర నంబరేదో తెలియదు. ఎక్కడ 112 ఉంటే అక్కడ 240 అయింది. చక్కెర 112 ఉన్నవాళ్ళందరికీ ఒక్క దెబ్బతో 240 అయి కూర్చుంది. నిజంగా 240 ఉన్నవాళ్ళు కూడా అందులోనే ఉన్నారు కాబట్టి వెనక్కి మార్చడానికీ లేదు. పాత ఫైళ్ళ కాపీ లేదు. ఒకాయన రిపోర్టు పట్టుకుని వచ్చి కౌంటర్ దగ్గర రచ్చ చేస్తే సంగతి బయటపడింది.

ల్యాబ్ మేనేజరు గుణశేఖరన్ మరీ చెడ్డవాడేం కాదు. ఇది నేర్పిన మనిషి వచ్చి, చెప్పడంలోనే లోపముంది, అమ్మాయి తప్పు కాదు అని ఒక్క మాట అంటే కాంట్రాక్టు పొడిగిస్తానన్నాడు. ఒక్క మాట చాలు. దానికోసం నేను ఇందిరా నగర్ వెళ్ళాను.

ఆయన బనీనుతో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు.

"రా పాపా, కూర్చో. కాఫీ తాగతావా."

"కాఫీ తాగేదానికి రాలేదు మామా. మీ టిప్పు విని మీనా పని పోతా ఉండాది." జరిగిందంతా చెప్పాను.

ఆయన అంతా విని, "చివరిదాకా వినిందా?" అని అడిగాడు.

నాకు ఆ క్షణంలో ఆ కంప్యూటర్ ఎత్తి వీధిలో పారేయాలనిపించింది. "జాగ్రత్త ముందరే చెప్తే మీకు పోయేది ఏంది మామా?"

"ముందరే చెప్తే వార్తలు ఎవురూ వినరు."

"వినకపోతే పోనీ."

ఆయన గోడమీది ఫోటోవైపు చూశాడు. అది ఆయన భార్య కన్నియమ్మాళ్. "మీ అత్త పోయినప్పుడు కరుమాది భోజనానికి అందురినీ రమ్మని వార్తల్లో చెప్పినా. అందురికీ ఆకులు తెప్పించి పెట్టినా. గుంపులో నించి ఒగుడూ రాలా. వాళ్ళల్లో వేల్మురుగన్ సాయంత్రం ఫోన్ చేసినాడు. వస్తా ఉండాడేమో అనుకున్నా. టిప్పులో డౌట్ అడిగి పెట్టేసినాడు. అప్పుట్నించి జాగ్రత్త చివర చెప్తా ఉండా. ఇప్పుడు వినే తీరాల."

జాలి వేసింది, కాదనను. ఆ జాలి వెనకే ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. "మీరు ఏడ్చినారని మా మీనా ఏడవాల్నా మామా?"

ఆయన కంప్యూటర్ కట్టేశాడు. "రేపు వస్తా" అన్నాడు.

వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, నుదుట విభూతి పెట్టుకుని మరీ వచ్చాడు. మీనా ముఖం విప్పారింది. మేనేజరు గదిలో కూర్చోగానే జేబులోంచి ఫోన్ తీసి బల్లమీద పెట్టి, ఆ వాయిస్ మెసేజ్ మొదటినుంచి పెట్టాడు. గుణశేఖరన్‌కు తెలుగు ముక్క రాదు. అయినా పాపం టిప్పు విన్నాడు, కొత్త వెర్షన్ విన్నాడు, వసంతమ్మ మోకాలు విన్నాడు. మీనా చీరకొంగు మెలిపెడుతూ నిలబడింది. అన్నీ అయ్యాక వచ్చింది ఆ మాట: "దీన్ని నడిపే ముందర ఫైళ్ళన్నిటికీ కాపీ తీసి పక్కన పెట్టుకోండి. లేకుంటే పాతది మళ్ళీ రాదు." ఆ ఒక్క ముక్క మాత్రం ఆయన శ్రద్ధగా తమిళంలోకి మార్చి మేనేజరుకు చెప్పాడు.

"ఆయన చెప్పే ఉన్నారు కదమ్మా" అన్నాడు గుణశేఖరన్ తమిళంలో. "వినకుండా నువ్వెందుకు చేశావు?"

అంతే. కాంట్రాక్టు పొడిగించలేదు.

బయట మెట్లమీద ఆయన్ను ఆపాను. "దీనికా మీరొచ్చింది?"

"నేను చెప్పలేదని ఆయన అనుకోకూడదు గదా పాపా" అన్నాడు. ఆ గొంతులో పశ్చాత్తాపం మచ్చుకైనా లేదు. ఆయన్ను ఏమేమి అన్నానో ఇక్కడ రాయను. మీనా నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

తర్వాతి ఆదివారం మళ్ళీ మెసేజ్ వచ్చింది. తీసిపారేయమన్నాను. మీనా వినలేదు, వంటింట్లో అమ్మకూ నాకూ వినపడేలా పెట్టింది. గొంతు సవరించుకున్నాడు. ఈసారి జాగ్రత్త మొట్టమొదట చెప్పాడు. తర్వాత టిప్పు, తర్వాత వార్తలు. అంతా అయిపోయిందనుకున్నాక కాసేపు ఏమీ లేదు, వెనక ఎక్కడో కాకి అరుస్తోంది. అప్పుడన్నాడు: "ఇంగో వార్త. మన మీనాకి ల్యాబ్‌లో పని పోయింది. ఆ పాప తప్పు ఏం లేదు. జాగ్రత్త నేను ముందరే చెప్పాల్సింది. చెప్పలా. తప్పు నాది."

"చూడు, ఒప్పుకున్నాడు" అని అమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఒప్పుకున్నాడు, ఎక్కడ ఒప్పుకున్నాడు? జాగ్రత్త ముందుకు వచ్చేసింది కాబట్టి ఇక చివరిదాకా వినాల్సిన అవసరం ఎవరికీ లేదు. అక్కడ ఏం చెప్పినా ఎవరూ వినరని లోకంలో ఆయనకంటే బాగా తెలిసినవాడు ఇంకెవడున్నాడు?

గుంపులో అందరూ వరుసగా బొటనవేళ్ళు పెట్టారు, టిప్పు బాగుందని. కాసేపటికి వేల్మురుగన్ వాయిస్ వచ్చింది.

"మీనా, మీ ల్యాబ్‌లో రేపు దీన్ని నడిపి చూసి చెప్తావా?"