పిడికెడు బియ్యం ఖాతా

రేపల్లె రైస్ మిల్లుల వెనక పేటలో రూతును ఎరగనివాళ్లు లేరు. యాభై నాలుగేళ్ల మనిషి. భర్త పోయి పదేళ్లయింది. కూతురు బాపట్లలో కాపురం చేసుకుంటోంది. మిల్లులో ఊడ్చి, చెరిగి, రోజుకూలి తెచ్చుకుంటుంది. మాట తక్కువ, పని ఎక్కువ. అయితే పేటంతా ఆమెను ఎరిగింది మిల్లు పని వల్ల కాదు, పిడికెడు బియ్యం వల్ల.

ఆ పేట లూథరన్ గుడిలో స్త్రీల సమాజానికి ఒక అలవాటుంది. పొద్దునా సాయంత్రమూ ఎసరు పెట్టేటప్పుడు కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా ఒక డబ్బాలో వేస్తారు. అది దేవుడి వాటా. ఇంట్లో బియ్యం నిండుకున్నా సరే, ఆ డబ్బా జోలికి ఎవరూ పోరు. ఆదివారం దాన్ని మూటగట్టి గుడికి తెస్తారు. ఆరాధన అయ్యాక మూటలన్నీ ఒకచోట పోసి, తూచి, కావలసినవాళ్లకు అమ్ముతారు. పేటలో ఏ బీద ఇంట చావు జరిగినా శవపెట్టె ఖర్చు ఆ డబ్బుదే. చాపలో చుట్టి మట్టిలో పెట్టే గతి తమలో ఎవరికీ పట్టకూడదని పెద్దవాళ్లు ఎప్పుడో పెట్టుకున్న ఏర్పాటు అది. ఆ డబ్బుకు పదకొండేళ్లుగా ట్రెజరర్ రూతు.

ఆమెకు ముందు ట్రెజరర్‌గా ఉన్నావిడ లెక్కలో ఒకసారి రెండు వందలు తేడా వచ్చింది. నోరు తెరిచి ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ వచ్చి కూర్చుంటే పక్కనున్నవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు, అంతే. ఏడాది తిరక్కుండా ఆవిడ గుడికి రావడం మానేసింది, తర్వాత ఇల్లమ్ముకుని తెనాలి వెళ్లిపోయింది. రూతు ఆ సంగతి మరచిపోలేదు. మరచిపోయే సంగతీ కాదు.

సమాజం డబ్బు అప్పట్లో రూతు ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉండేది. బాపట్లలో టీచరుగా రిటైరై పేటకు తిరిగొచ్చిన ప్రమీలారాణికి అది నచ్చలేదు. ఆవిడ దగ్గర కాగితం లేకుండా కబురు కూడా చెల్లదు. పదిమంది డబ్బు ఇంట్లో ఉంచుకోవడం ఏంటని, బ్యాంకులో వేస్తే ఎవరికీ అనుమానం ఉండదని ఆవిడ పట్టుబట్టింది. సమాజానికి రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి సేవింగ్స్ ఖాతా కుదరదు, కరెంట్ ఖాతా తెరవమని బ్యాంకువాళ్లు చెప్పారు. రూతు ఆరువేలు పట్టుకెళ్లి కట్టి వచ్చింది. ఆ తర్వాత నెలనెలా బియ్యం అమ్మగా వచ్చే ఏడు వందలూ కట్టి, రసీదు తెచ్చి నోటుబుక్కులో అంటించేది. ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు అప్పటి పాస్టరుగారిది. ఆయన బదిలీ మీద వెళ్లిపోయారు. బ్యాంకు పంపిన మెసేజీలు ఆయనతోపాటే ఏ ఊరు వెళ్లాయో దేవుడికి తెలియాలి.

ఏడాది గడిచింది, శవపెట్టె కోసం డబ్బు తీసే అవసరం రాలేదు. ఆ ఎండాకాలంలో లిడియా పెద్దమ్మ మంచాన పడింది. రూతు కొత్త కోడలిగా వచ్చినప్పుడు పొయ్యి దగ్గర పక్కన కూర్చుని పిడికెడు తీయడం నేర్పింది ఆవిడే. ఎనభై దాటిన మనిషి, పిల్లల్లేరు. ఇక ఎన్నాళ్లో లేదని అందరికీ తెలుసు. ఎందుకైనా మంచిదని, ఖాతాలో ఎంతుందో కనుక్కుందామని రూతు బ్యాంకుకు వెళ్లింది. నోటుబుక్కు ప్రకారం పద్నాలుగు వేల నాలుగు వందలు ఉండాలి. కౌంటర్లో మధుసూదన్ అనే అబ్బాయి కంప్యూటర్ చూసి ఏడువేల మూడు వందల ఇరవై అన్నాడు.

రూతు పొరపాటు తనదే అనుకుంది. వేళ్లు మడిచి మళ్లీ లెక్కపెట్టుకుంది. ఆ అబ్బాయి నెమ్మదస్తుడు, విసుక్కోకుండా విడమరిచి చెప్పాడు.

"ఈ ఖాతాలో పదివేలకి తగ్గకూడదండి. తగ్గితే నెలకి ఐదొందలు, దాని మీద పన్ను. ఐదొందల తొంభై పోతుందండి. పదివేలు చేసెయ్యండి, ఇక కటింగ్ ఉండదు."

అంటే నెలకు ఏడు వందలు కడితే మిగిలింది నూట పది. పదివేలు ఉన్నవాడికి ఏ బాధా లేదు, లేనివాడికి మాత్రం లేనందుకు జరిమానా. ఈ న్యాయం కనిపెట్టిన మహానుభావుడు ఏ చల్లటి గదిలో కూర్చున్నాడో గాని, మే నెలలో రేపల్లె బ్యాంకు క్యూలో మాత్రం నిలబడి ఉండడు. ఏ ఇంటి పిడికెడు ఏ పూటదో అతనికేం తెలుస్తుంది?

ఇంటికి వచ్చి రూతు నీళ్లు కూడా తాగలేదు. ఏడువేల ఎనభై రూపాయలు. రెండు వందలకే ఊరు విడిచి పోవలసి వచ్చిన మనిషి ఆమెకు తెలుసు. బ్యాంకు కోసుకుందంటే ఎవరు నమ్ముతారు? బ్యాంకులో వేస్తే పెరుగుతుందనే కదా పేటలో అందరూ వింటున్నది. ఆ నిమిషాన సమాజం వాళ్ల దగ్గరకు వెళ్లి ఉన్న సంగతి చెప్పి ఉంటే సరిపోయేది. కాని భయం మనిషిని తిన్నగా నడవనివ్వదు. రూతుకు మధుసూదన్ చెప్పిన మాట ఒక్కటే దారిలా కనిపించింది. పదివేలు చేసేస్తే కటింగ్ ఆగుతుంది. ఆగాక మెల్లగా పోయినదంతా పూడ్చుకోవచ్చు, ఎవరికీ తెలియనక్కర్లేదు.

జూన్ నుంచి ఆమె బియ్యం కొనడం మానేసింది. మిల్లులో సగం ధరకు దొరికే నూకలు తెచ్చుకుంది. రాత్రి వంట మానేసింది. అందులోనూ ఒక చిత్రం ఏంటంటే, దేవుడి డబ్బాలోకి నూకలు పోయకూడదు కాబట్టి దానికోసం మాత్రం విడిగా కిలోల లెక్కన మంచి బియ్యం కొనేది. తను వండుకోని పూటకు కూడా పిడికెడు తీసేది. అలా కడుపు కట్టుకుని నెలకు మూడు వందలు మిగిల్చి, సమాజం ఏడు వందలకు కలిపి వెయ్యి చేసి కట్టేది. ఆ మూడు వందలు సమాజం రాబడి కాదు కదా అని నోటుబుక్కులో మాత్రం రాయలేదు. అబద్ధం లెక్క రాయడం ఆమెకు చేతకాదు.

మెడ దగ్గర ఎముకలు తేలాయి. మిల్లులో ఒకసారి కళ్లు తిరిగి బస్తాల మీద కూలబడింది. ఎండకని చెప్పింది. కూతురు ఫోన్ చేస్తే బాగానే ఉన్నానంది. మూట తీసుకోవడానికి ప్రతి శనివారం వెళ్తే లిడియా పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, ఇంత పల్చనైపోయావేంటే అని అడిగేది. వయసు మీద పడుతోంది కదా పెద్దమ్మా అనేది రూతు. ఆవిడ ఆ చెయ్యి వదిలేది కాదు.

డిసెంబరు మొదటి ఆదివారం సమాజం లెక్కలు చదివే రోజు. కిందటేడు నోటుబుక్కూ రసీదులూ సరిపోయాయి, ఈసారి బ్యాంకు స్టేట్‌మెంటు కూడా తెమ్మని ప్రమీలారాణి చెప్పింది. అప్పటికి ఖాతాలో తొమ్మిదివేల ఏడు వందల ఎనభై ఉంది. ఇంకో రెండు వందల ఇరవై పడితే కటింగ్ ఆగిపోయేది. ఒక్క నెల గడువుంటే చాలునని రూతు శనివారం రాత్రంతా ప్రార్థించింది. క్యాలెండరు ఎవరి ప్రార్థనకూ ఆగదు.

ఆరాధన అయ్యాక ఆడవాళ్లంతా చాపల మీద కూర్చున్నారు. రూతు లేచి నిలబడి నోటుబుక్కు చదివింది. పద్దెనిమిది వేల ఆరు వందలు ఉండాలని చెప్పింది. తర్వాత బ్యాంకు స్టేట్‌మెంటు తీసి, ఉన్నది తొమ్మిదివేల ఏడు వందల ఎనభై అని చెప్పింది. ఎందుకు తగ్గిందో చెప్పాలని రాత్రి కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం ఆమెకు తెలుసు, పదకొండేళ్ల కిందట తనూ అందులో కూర్చుంది.

ప్రమీలారాణి వచ్చి స్టేట్‌మెంటు అందుకుంది. కళ్లజోడు పెట్టుకుని వరసవరసా వేలితో చూసింది. ప్రతి నెలా ఐదు వందల తొంభై పోవడం ఆవిడకు ఇట్టే కనిపించింది. అదంతా బయటికి చదివి, బ్యాంకు జరిమానా వేసిందని అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. తర్వాత నోటుబుక్కు తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టుకుంది. ఇక కూర్చుంటుందనుకుంటే కూర్చోలేదు.

"జూన్ నుంచి నెలకి వెయ్యి కట్టావు. బుక్కులో ఏడొందలే ఉంది. ఈ మూడొందలు ఎక్కడివి రూతూ?"

రూతు తల దించుకుంది. ఆవిడ మళ్లీ అడిగింది.

"నావే టీచరమ్మా. నూకలు తెచ్చుకున్నాను. రాత్రిళ్లు వండుకోలేదు." నోటుబుక్కు వైపు చూస్తూ అంది, "నేను వాడుకున్నానంటారేమోనని భయమేసింది."

ప్రమీలారాణి కళ్లజోడు తీసేసింది. బాపట్లలో ముప్ఫయ్యేళ్లు పిల్లల్ని గడగడలాడించిన ఆ మనిషి అందరి ముందూ పైట చెంగు కళ్లకు అద్దుకుంది. బ్యాంకులో వేయమన్నది నేను, ఆ ఖాతా సంగతి ఒక్కసారైనా వెళ్లి చూడనిది కూడా నేనే అంది. వెనక వరసలో ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. రూతు ట్రెజరర్ పని ఇంకెవరికైనా అప్పజెప్పమంటే ఒక్కరూ ఒప్పుకోలేదు.

సోమవారం రూతు, ప్రమీలారాణి వెళ్లి ఖాతా మూయించారు. పోయిన డబ్బు తన చేతిలో లేదని, అర్జీ రాసిస్తే తెనాలిలోని పెద్ద ఆఫీసుకు పంపుతానని మధుసూదన్ అన్నాడు. ప్రమీలారాణి అక్కడే నిలబడి రెండు పేజీలు రాసిచ్చింది. జవాబు వస్తుందో రాదో తెలియదు. వచ్చేదాకా మాత్రం ఆవిడ వాళ్లను వదలదు.

బయటికి వచ్చాక ఆవిడ ఇంటి దారి పట్టలేదు. రూతును బస్టాండు పక్క భోజనం హోటలుకు తీసుకెళ్లి ఒక్క భోజనానికే టోకెన్ తీసుకుంది. తను ఎదురుగా కూర్చుంది. టీచరమ్మ చూస్తుంటే రూతుకు మొహమాటంగా ఉంది. వడ్డించే అబ్బాయి అన్నం తెస్తే వద్దని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది. ప్రమీలారాణి ఆ చేతిని పక్కకు తీసి, పెట్టు బాబూ అంది. తెల్లటి అన్నం విస్తరినిండా పడింది.

"ఏడాది పొడుగునా నిన్ను లెక్క అడుగుతూనే ఉన్నాను," అంది ప్రమీలారాణి మెల్లగా. "అన్నం తిన్నావా అని ఒక్కసారి అడగలేదు రూతూ."

రూతు పప్పు కలుపుకుని తినడం మొదలుపెట్టింది.