గ్రాముల బావ

మా బావ ఒకసారి ఎదురుగాలికి సైకిలుతో సహా లేచి టైలరు కొట్టు రేకుల మీద వాలాడు. నేను కళ్ళారా చూశాను. బడి మధ్యలో ఎగ్గొట్టినవాడి మాట ఎవరు నమ్ముతారు గానీ, ఆ రోజుల్లో మా అక్క మొగుణ్ణి చూసినవాళ్ళెవరూ కాదనలేదు.

బావది సైకిలు రిపేరు కొట్టు. ఏడాదికోసారి కొండ రోడ్డు మీద జరిగే పందెమంటే ప్రాణం. ఎత్తు ఎక్కేటప్పుడు బరువే శత్రువు. అందుకని సైకిలుకున్న ఉక్కు బోల్టులు తీసి తేలికవి బిగించాడు, సీటు కమ్మీకి బెజ్జాలు పెట్టాడు, చివరికి రంగు కూడా గీకేశాడు. గీకడానికి సైకిలులో ఏమీ మిగలకపోయేసరికి తన ఒంటి మీద పడ్డాడు. బోల్టులు తూచిన త్రాసు మీదే, గ్రీజు మరకల పక్కన, ఉడికిన బంగాళాదుంప పెట్టి, సగం కోసి, మళ్ళీ తూచి తినేవాడు.

అక్క ఎంత మొత్తుకున్నా చెవికెక్కేది కాదు. అందులో సగం పాపం నాదే. "మా బావ ఒక్క ద్రాక్షపండు వాసన చూసి అరవై కిలోమీటర్లు తొక్కుతాడు" అని టీ కొట్టు దగ్గర కోతలు కోసేవాణ్ణి. తోటి సైకిలువాళ్ళు బావ నడుము చూసి మెచ్చుకునేవాళ్ళు. గుండె నిమిషానికి ముప్పై ఎనిమిదిసార్లే కొట్టుకుంటోందని డాక్టరు హెచ్చరిస్తే, దాన్ని కూడా పతకంలా ఊరేగించాం. తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఒకనాడు పాత ట్యూబుల డబ్బాలో అక్కకు పదకొండు బిస్కెట్ పొట్లాల కాగితాలు దొరికాయి. అన్నీ ఒక్క పూటలో మింగి, వెనక కుళాయి దగ్గర కక్కి, తనకు తానే శిక్ష వేసుకుని చీకటిపడేదాకా తొక్కాడట. అక్క అరవలేదు.

"కడుపు మాడ్చుకుని, తిన్నది కక్కే ఈ జబ్బు ఆడపిల్లలకే వస్తుందనుకున్నానురా," అంది నాతో.

పందెం అయ్యాక తింటానన్నాడు బావ.

పందెం రోజు మూడో మలుపులో ఆగిపోయాడు. పడలేదు, ఎవరూ గుద్దలేదు. రోడ్డు పక్కన కూర్చుని, సీసా మూత తిప్పడానికి వేళ్ళు రావడం లేదని నాకు చేతులు చూపించాడు. తిండి చాలక ముప్పై నాలుగేళ్ళ మనిషికి ముసలివాళ్ళ ఎముకలొచ్చాయన్నారు ఆసుపత్రిలో.

ఎనిమిది నెలలుగా వారం వారం కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాడు. త్రాసు అక్క బీరువాలో ఉంది. కంచం ముందు అరగంట కూర్చుంటాడు, ఎదురుగా నేను పళ్ళు నూరుకుంటూ కూర్చుంటాను. ఒక్క ముద్ద నోట పెట్టడం అంత కష్టమేమిటో, బండెడు రొట్టెలు లాగించే నాకు అంతుపట్టదు. ఏమైనా అంటే కంచం పక్కకు నెట్టేస్తాడని నోరు కుట్టేసుకుంటున్నాను. నేను నోరు మూసుకోవడమంటే మాటలు కాదు.

ఇదంతా రాసి, "గండం గడిచింది, బావ ఇప్పుడు ఏనుగులా తింటున్నాడు" అని ముగించి చదివి వినిపించాను. బావ చేతిలోని స్పానర్ కింద పెట్టలేదు.

"గండం గడవలేదు. నిన్న తిన్నాను. ఇవాళ ఇంకా తినలేదు."