రెండు గోళీల మధ్య ఒక చెవి

కూత మొదలైన మొదటి వారం అది నా చెవిలోదని నేను నమ్మలేదు. ఫ్రిజ్ ప్లగ్గు తీయించాను. ఇన్వర్టర్ ఆపించాను. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరుతో నీళ్ళ మోటారు గురించి గొడవ పెట్టుకున్నాను. మోటారు కాలిపోయి నెలయిందని ఆయన తీసుకెళ్ళి చూపించాక గానీ ఆ కూత నా సొంత ఆస్తి అని తేలలేదు. ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టి పారిపోయిన నన్ను ఆ బడిగంట ఇన్నేళ్ళూ వెతికి వెతికి, చివరికి ఎడమ చెవిలో దొరకబుచ్చుకుందని మా ఆవిడతో అన్నాను. ఆమె నవ్వింది. అప్పటికింకా ఇద్దరికీ నవ్వే ఓపిక ఉంది.

నేను రాళ్ళు పగలగొట్టే బ్రేకర్ మిషన్ నడుపుతాను. పుప్పాలగూడ, నార్సింగి వైపు లేచే అపార్ట్‌మెంట్లకు సెల్లార్లు కావాలి కదా, అక్కడి రాతిగుండ్లన్నీ పొడిచేది మాలాంటి వాళ్ళమే. క్యాబిన్ అద్దం పగిలి రెండేళ్ళయింది. కాంట్రాక్టర్ వేయించలేదు, గాలి బాగా వస్తోందని నేనూ అడగలేదు. చెవుల్లో దూది పెట్టుకునే ఆపరేటర్లను పెళ్ళికూతుళ్ళని వెక్కిరించినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. మిషన్ మోగుతున్నంతసేపూ చెవిలో కూత వినబడదు. మిషన్ ఉలి రాయి మీద పడిందంటే చాలు, మాయం. ఇంకేం, మందు దొరికిందనుకున్నాను. మధ్యాహ్నం అన్నానికి దిగడం మానేశాను. ఆదివారాలు అడిగి మరీ పని తీసుకున్నాను. నాకు బుద్ధి వచ్చిందని కాంట్రాక్టర్ మురిసిపోయాడు. ఇంజను ఆపగానే కూత రెండింతలై వచ్చేది. కాలిన చేతికి నిప్పుతో కాపడం పెట్టుకుంటూ నెల గడిపాను.

ఈలోగా నిద్ర దూరమైంది. ఇల్లంతా సద్దుమణిగితే నా తలలో జాతర మొదలయ్యేది. అన్నం సయించేది కాదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే గుండె దడదడలాడేది. మా సందు మొదట్లో మెడికల్ షాపు నడిపే అతను బాగా తెలిసినవాడు. నా గోడు చెప్పుకుంటే డాక్టరు చీటీ అడగలేదు. నిద్ర గోళీల షీటు ఒకటి తీసి ఇచ్చి, రాత్రికి సగం గోళీ వేసుకోమన్నాడు. సగం వేసుకున్నాను. నాలుగో రోజుకు సగం ఒకటయింది. నిద్రపోయాను అనడం తప్పు, ఎవరో స్విచ్ తీసేసినట్టు ఆరిపోయాను. కూత లేదు, నేనూ లేను. ఎంత హాయి అనుకున్నాను. అలా అనుకున్నందుకు భయపడాలని కూడా అప్పుడు తోచలేదు.

మిషన్ ముందు నిలబడి సైగలు చేసే పెద్దాయన ఒకాయన ఉంటాడు. ఆ మోతలో మాట వినబడదు కాబట్టి ఆయన చెయ్యే నాకు చెవి. పిడికిలి బిగిస్తే ఆపాలి. గోళీలు మొదలుపెట్టిన ఎనిమిదో రోజు పొద్దున ఆయన పిడికిలి బిగించి చూపించి, రాళ్ళలో ఇరుక్కున్న తాడు తీయడానికి వంగాడు. నేను ఆ పిడికిలిని చూశాను. చూసిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. చెయ్యి మాత్రం లీవర్ వదల్లేదు. ఉలి ఆయనకు మూరెడు దూరంలో దిగింది.

ఆయన తిట్టలేదు. వచ్చి, నేను ఇంజను ఆపేదాకా నిలబడ్డాడు.

"నిద్రొస్తే చెప్పు తమ్మీ, నేను పక్కకు జరుగుత. చెప్పకుండ మాత్రం నడపకు."

తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రమే మా ఆవిడకు గోళీల సంగతి చెప్పాను, మరునాడు ఇద్దరం దవాఖానకు పోయాం.

చెవి డాక్టరు నన్ను మూసిన గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడితే బటన్ నొక్కమన్నాడు. ఏ శబ్దం సార్, మీదా నాదా అని అడిగాను. వినికిడి తగ్గిందనీ, కూతను తీసేసే గోళీ లేదనీ, కానీ దాని వల్ల వచ్చిన భయానికీ నిద్రలేమికీ మందు ఉందనీ చెప్పి, పై అంతస్తులో మనసు డాక్టరు దగ్గరికి పంపాడు. నీకు పిచ్చి గిట్ల లేదు గద అని మా ఆవిడ మెట్ల మీద మూడుసార్లు అడిగింది. లిఫ్ట్ ఎక్కితే ఒక్కసారే అడిగేదానివి అన్నాను.

ఆ డాక్టరమ్మ నా షీటు చూసి, ఎన్ని రోజులు, ఎన్నేసి అని అడిగి రాసుకుంది. కూత ఎప్పుడు ఉండదని అడిగితే మిషన్ నడిపేటప్పుడని చెప్పాను. ఆమె కలం కింద పెట్టింది.

"చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందాండీ?"

నోటిదాకా ఒక జోకు వచ్చింది. మా ఆవిడ నన్నే చూస్తోంది.

"మిషన్ ఆపితే కూతొస్తది మేడమ్. ఒక్కోసారి నేనే ఆగిపోతే మంచిగుంటది అనిపిస్తది."

మా ఆవిడ నా చొక్కా కొస పట్టుకుంది. బయటికి వచ్చేదాకా వదల్లేదు.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. నిద్ర గోళీ ఈ రోజే పనిచేస్తుంది. కానీ అలవాటు పడుతుంది, మత్తు పొద్దునకూ మిగులుతుంది. ఇస్తే కొద్ది రోజులకే ఇవ్వాలి. ఆందోళన తగ్గించే రెండోది రోజూ వేసుకోవాలి. గుణం కనబడటానికి వారాలు పడుతుంది. మొదట్లో అల్లాడించవచ్చు, కూత పెరిగినట్టు కూడా అనిపించవచ్చు. దానితోపాటు వారానికోసారి వచ్చి మాట్లాడాలి. ఏది మొదలుపెట్టినా, తను చెప్పేదాకా మిషన్ ఎక్కకూడదు. ఆగిపోవాలన్న ఆలోచన మళ్ళీ వస్తే ఏ వేళయినా దవాఖానకు రావాలి.

ఒకటి ఇవాళ పడుకోబెడుతుంది, ఇంకొకటి ఎప్పుడో. మొదటిది కావాలని ఒళ్ళంతా అడుగుతోంది. కానీ ఉలి దిగిన ఆ మూరెడు దూరం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. రెండోది రాయమన్నాను. మిషన్ తాళం కాంట్రాక్టర్‌కు ఇచ్చేశాను.

ఆ మందు మొదలుపెట్టి ఇవాళ పన్నెండో రోజు. కూత తగ్గలేదు, పెరిగిందనే నా అనుమానం. నిన్న డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టమంది, ఎల్లుండి రమ్మంది. ఇవాళ పాల కోసమని బయలుదేరిన నా కాళ్ళు మెడికల్ షాపు ముందు ఆగాయి. నన్ను చూడగానే అతని చెయ్యి నిద్ర గోళీల అరలోకి పోయింది.

"అది నేనడిగినా ఇయ్యకు," అన్నాను.

అతను పకపకా నవ్వాడు. నా మాటలకు నవ్వడం అందరికీ అలవాటే. నేను నవ్వకుండా అక్కడే నిలబడ్డాను. నవ్వు సగంలో ఆగింది. అతను అరలోంచి చెయ్యి ఖాళీగా వెనక్కి తీసుకున్నాడు.