వానడబ్బా దగ్గర రాహేలక్క

ఇవ్వాళ పొద్దున పెరట్లో రేకుల మీద చినుకులు టపటపా పడ్డాయి. ఆ వెంటనే ఎండకు కాగిన రేకు తడిసిన వాసన వచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, ఎనిమిదిన్నర అయిందా అని నా కళ్ళు గోడ గడియారం మీదికి పోతాయి. ఈ అలవాటు నాకు రాహేలక్క వల్ల వచ్చింది. ఆమెను మీరు చూసి ఉండరు. ఆమె పేరు ఏ పుస్తకంలోనూ అచ్చయినట్టు నేను వినలేదు.

ఎనభైల నడుమ సంగతి ఇది. గురజాల అవతల మాది మెట్ట ఊరు, నల్లరేగడి నేల. వానలు ఏడాదికేడాది వెనక్కి జరుగుతూ పోయాయి. మృగశిర కార్తెలో విత్తనం వేసే మేము ఆరుద్ర దాకా ఆగేవాళ్ళం, అదీ పోతే పునర్వసు దాకా. తొందరపడి వేస్తే మొలక మాడిపోయేది. మళ్ళీ విత్తనం కొనే ఓపిక ఏ ఇంట్లోనూ ఉండేది కాదు. అటువంటప్పుడు యూనివర్సిటీ వాళ్ళూ, నరసరావుపేటలోని ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళూ కలిసి మా ఊరికి వచ్చారు. మారిన వానకు తగ్గట్టు పంట మార్చుకోవడం నేర్పుతామన్నారు. యూనివర్సిటీ తరఫున ఒక కళ్ళద్దాల సారు, సంస్థ తరఫున రాహేలక్క. నలభై ఏళ్ళ మనిషి, పొట్టి, గొంతు బొంగురు. బస్సు దిగి రెండు మైళ్ళు నడిచి వచ్చేది. చేతిలో గొడుగు ఉండేది కానీ, విప్పగా నేను చూడలేదు.

మొదటి రోజు సారు నేలలో తేమ గురించి అరగంట చెప్పాడు. మిల్లీమీటర్లన్నాడు, పర్సెంటేజీలన్నాడు. అందరూ గౌరవంగా విని, ఒక్క ముక్క కూడా అర్థం కాక కూర్చున్నారు. రాహేలక్క లేచి చేలోంచి గుప్పెడు మట్టి తీసింది.

"ఏమయ్యా, మట్టి గుప్పిట్లో పిసికి వదిలితే ముద్ద నిలవాల. నిలిస్తే పదును, రాలితే దుమ్ము. సారు ఇందాకటి నుంచి చెప్పేది అదే. అవునా సారూ?"

సారు నవ్వి, ఆ మాటను తన పుస్తకంలో రాసుకున్నాడు.

మా ఇంటి పక్క ఖాళీ జాగాలో వాన కొలిచే డబ్బా పాతారు. చుట్టూ నాలుగు నాపరాళ్ళు నిలబెట్టారు. రోజూ కొలిచి రాసే మనిషి కావాలన్నారు. మగవాళ్ళు ముందుకొచ్చారు. రాహేలక్క వాళ్ళను ఒక్కటే అడిగింది: "పోయినేడు పుబ్బలో ఎన్ని వానలు పడ్డయ్?" ఒకరు మూడన్నారు, ఒకరు ఒకటన్నారు, వాదులాట మొదలైంది. నేను గుమ్మంలోంచి అన్నాను: "రెండు. ఒకటి సంతనాడు, ఇంకోటి మా బర్రె ఈనిన నాడు."

"దొరికింది నా మనిషి," అంది రాహేలక్క.

మా అత్త మూతి తిప్పింది. "మూడో తరగతి తప్పినదానికి యూనివర్సిటీ పనా?"

"తరగతి సంగతి నాకెందుకు పిన్నమ్మా. మీ బర్రె ఈనిన రోజు నీకు గుర్తుందా?"

అత్తకు గుర్తు లేదు. అలా ఆ పని నాదయింది. పొద్దున ఎనిమిదిన్నరకు డబ్బాలో నీళ్ళు గీతల గాజుగొట్టంలో పోసి, అంకె రాసి, వారానికొక కార్డు సారుకు వేయాలి. వారంలో అరవై మిల్లీమీటర్లు పడితే తక్కువ రోజుల్లో కాపుకొచ్చే కంది విత్తనం జీపులో వస్తుంది. ఊరు మొత్తానికి ఒక్కసారే ఇస్తారు. అది పోతే ఆ ఏడాదికి ఇక లేదు.

ఆరుద్ర ఎండింది. వాన లేని రోజులు నేను ఖాళీగా వదిలేశాను. పొద్దున్నే సున్నా పెడితే ఇంటికి మంచిది కాదని అత్త గొడవ. రాహేలక్క పుస్తకం తిరగేసి, "ఇయ్యేందే కోటీ, ఖాళీలు?" అంది.

"వాన లేదుగా అక్కా, ఏం రాయను?"

"లేదనే రాయి. పడ్డ వాన అందరికీ కనపడుద్ది. పడని వాన నువ్వు రాస్తేనే కనపడుద్దే, పిచ్చిదానా."

పునర్వసులో ఊరి ఆడవాళ్ళు వాన కోసం కప్పతల్లి ఆడారు. రోకలికి వేపమండలు కట్టి, కప్పను కట్టి, ఇంటింటికీ తిరుగుతుంటే ఆ కప్ప మీద నీళ్ళు పోయడం మా వైపు ఆనవాయితీ. ఆ ఏడు అందరూ వానడబ్బా దగ్గరికి వచ్చి ఆగారు. వానకు నోరు అదేనని ఎవరో అన్నారు. డబ్బాకు పసుపు రాసి, కప్పను దాని మీద పట్టుకుని, మా అత్తతో సహా అందరూ చెంబులతో పోశారు. నేనూ పోశాను.

మర్నాడు గొట్టం నింపుతూ పారబోస్తూ లెక్కపెట్టాను. అరవై నాలుగు. అవి ఎక్కడి నీళ్ళో నాకు తెలుసు. డబ్బాలో ఎన్ని ఉంటే అన్ని రాయమన్నారు కదా అని నాకు నేనే చెప్పుకుని, రాసి, కార్డు వేశాను.

నాలుగో రోజుకు సారూ, రాహేలక్కా జీపులో వచ్చారు. వెనక కంది బస్తాలు. రాహేలక్క దిగగానే కాళ్ళ దగ్గర దుమ్ము లేచింది. నేరుగా చేలోకి పోయి మట్టి పిసికింది, రాలిపోయింది. డబ్బా దగ్గరికి వచ్చి పసుపు మరక వేలితో తుడిచి చూసింది.

"కోటీ, ఈ అరవై నాలుగు ఎక్కడియ్యే?"

"కప్పతల్లి నీళ్ళు అక్కా."

ఊరంతా అక్కడే ఉంది. అత్త బస్తాల మీద చెయ్యి వేసింది. "గుమ్మం దాకా తెచ్చి మళ్ళా తీసకపోతావా? నీకు చేతులెట్టా వస్తయ్?"

"ఇయ్యాల ఇస్తే చీమలు తింటయ్ పిన్నమ్మా. నన్ను తిట్టు, పడతా. విత్తనం మిగులుద్ది."

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఈ లెక్కలు ఇక నమ్మలేమమ్మా. డబ్బా, విత్తనం రెండూ ఇంకో ఊరికి ఇద్దాం."

ఊరి పంట నా చేతి మీదుగా పోతోంది.

"తప్పు నాది సారూ," అంది రాహేలక్క. "డబ్బా ఎందుకో కోటికి చెప్పా గానీ, ఈ ఆడాళ్ళకి చెప్పలా. అడగంగానే ఊరందరి ముందు నిజం చెప్పింది. అట్టాంటి మనిషిని ఇంకో ఊళ్ళో ఎతుక్కుంటారా?" నా వైపు తిరిగి, "పుస్తకం తియ్యి. ఆ అంకె కొట్టెయ్యి. చెరపమాక, కనపడేట్టు కొట్టెయ్యి. పక్కన ఉన్నదున్నట్టు రాయి."

అరవై నాలుగు మీద గీత పెట్టి, పక్కన రాశాను: కప్పతల్లి నీళ్ళు. వాన సున్నా.

సారు ఆ పేజీ చదివాడు. "ఈ పంటకారు అయ్యేదాకా ఉంచుదాం," అన్నాడు. జీపు బస్తాలతోనే వెనక్కి పోయింది. దాని వెనక ఊరు రాహేలక్కను తిట్టిన తిట్లు నేను రాయను.

పుష్యమిలో వాన పడింది. మట్టి ముద్ద నిలిచింది, విత్తనం వచ్చింది. పంట గొప్పగా పండిందని చెప్పను, ఎకరానికి రెండు బస్తాలు. కానీ మళ్ళీ విత్తనం కొనలేదు. ఆ తరవాత కప్పతల్లి ఆడినప్పుడల్లా మా అత్తే నాపరాళ్ళ దగ్గర నిలబడేది. "దూరంగా పోయండే, అది లెక్కల డబ్బా!"

నాలుగేళ్ళకు యూనివర్సిటీ పని ముగిసింది. సంస్థ ఆఫీసు మారింది, రాహేలక్క ఒంగోలు వైపు పోయిందన్నారు. తిరిగి చూడలేదు. గాజుగొట్టం పగిలిపోయి చాలా కాలమైంది. పెరట్లో ఒక డబ్బా పెట్టుకుని స్కేలుతో కొలుస్తాను.

ఇవ్వాళ టీవీలో జిల్లా అంతటా భారీ వాన అంటున్నారు. ఎనిమిదిన్నరకు పోయి చూశాను. డబ్బా అడుగు మాత్రం తడిసింది, స్కేలుకు అందలేదు. క్యాలెండర్ మీద సున్నా పెట్టాను.